పెసర, కంది కాయల్లో జన్యు వ్యక్తీకరణను కొలవడం: చేనులో దారం కట్టడం నుంచి క్యూ-పీసీఆర్ లెక్క దాకా

పెసర కాయ లేత పిందెగా ఉన్ననాటి నుంచి ఎండి చిట్లే దాకా దానిలో ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుంది, ఎంత జోరుగా పనిచేస్తుంది, ఎప్పుడు ఆగిపోతుంది అన్న ప్రశ్నకు జవాబు ఆ కాయలోని దూత ఆర్‌ఎన్‌ఏలో దొరుకుతుంది. జన్యువు పనిచేస్తున్నంతసేపూ దాని నకళ్లు దూత ఆర్‌ఎన్‌ఏ రూపంలో కణంలో తయారవుతూ ఉంటాయి. ఆ నకళ్ల మొత్తాన్ని అంచనా కట్టడాన్నే జన్యు వ్యక్తీకరణను కొలవడం అంటున్నాం. దానికి ఎక్కువగా వాడే పద్ధతి క్యూ-పీసీఆర్: ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, కావలసిన ముక్కను చక్రం చక్రానికీ రెట్టింపు చేస్తూ, ఎన్నో చక్రంలో దాని సంకేతం కనిపిస్తుందో చూస్తారు. ఎంత ముందు పలికితే నకళ్లు అంత ఎక్కువ. వరంగల్, హనుమకొండ, జగిత్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పప్పు పంటల మీద ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పని మొదలుపెట్టే విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని రాసిన వ్యాసం ఇది. ప్రయోగశాలలో చేయాల్సిన పని కిట్ల వెంట వచ్చే సూచనల్లో చాలావరకు ఉంటుంది కనుక, ఆ సూచనల్లో కనిపించని చేను పనికీ, ఫలితాన్ని తారుమారు చేసే ఒకటి రెండు లెక్కలకూ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను. కాయ వయసును సరిగా గుర్తించకపోయినా, తొక్కనూ గింజనూ కలిపి నూరినా, తరువాత ఎంత ఖరీదైన యంత్రం మీద పెట్టినా ఆ లోపం పూడదు.

కాయలో ఏ భాగం కావాలి

కాయ అన్నది చూడ్డానికి ఒకటే అయినా అందులో రెండు తరాల కణజాలం ఉంటుంది. కాయ తొక్క, గింజ మీది పొట్టు పూర్తిగా తల్లి మొక్కవి. పొట్టు లోపలి పిండం, అంటే మనం పప్పు బద్దలుగా తినే బీజదళాలూ వాటి మధ్యన ఉండే మొలక భాగమూ, తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చిన కొత్త తరం. పిండం చుట్టూ తొలి రోజుల్లో నీరులా ఉండే అంకురచ్ఛదం కూడా ఫలదీకరణ వల్ల ఏర్పడినదే. పప్పు జాతుల్లో పిండం పెరిగే కొద్దీ దాన్ని దాదాపు మొత్తం పీల్చేసుకుంటుంది.

ఈ భాగాలు ఒకే రోజున పూర్తిగా వేర్వేరు పనుల్లో ఉంటాయి. పిందె దశలో తొక్క పొడవు సాగుతూ ఉంటే, లోపలి గింజల్లో కణ విభజన నడుస్తూ ఉంటుంది. తొక్క పూర్తి పొడవుకు చేరిన తరువాతే గింజ బరువెక్కడం మొదలవుతుంది. గింజ నిండే దశలో బద్దల్లో విసిలిన్, లెగ్యుమిన్ అనే నిల్వ ప్రోటీన్ల జన్యువులు విజృంభిస్తాయి. వాటిని నడిపించే లెక్-1, ఏబీఐ-3, ఫస్-3 వంటి నియంత్రక జన్యువులు అంతకు కాస్త ముందు నుంచే పనిలో ఉంటాయి. చివరి దశలో గింజ ఎండిపోయినా చావకుండా కాపాడే లియా ప్రోటీన్లు, రాఫినోజ్ వర్గపు చక్కెరలను తయారుచేసే ఎంజైములు రంగంలోకి వస్తాయి. అదే సమయంలో తొక్క లోపలి పొరల్లో లిగ్నిన్ పేరుకొని, కాయ ఎండినప్పుడు చిట్లడానికి కావలసిన బిగువు తయారవుతుంది. సోయాచిక్కుడులో కాయ చిట్లడాన్ని నిర్ణయించే రెండు జన్యువులు, షాట్1-5, పీడీహెచ్1, 2014లో వెలుగులోకి వచ్చాయి. రెండూ తొక్కకు సంబంధించినవే. వాటిలో ఒకదానికి పెసరలో సాటి అయినదాన్ని కొలవదలచిన విద్యార్థి కాయ మొత్తాన్ని నూరితే, గింజ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ కింద తొక్క సంకేతం అణగిపోతుంది. అందుచేత ప్రశ్న ఏ భాగానికి సంబంధించినదో ముందుగా కాగితం మీద రాసుకొని, తరువాతే చేనులో అడుగుపెట్టాలి.

పంట, రకం, కాలం

మొదటిసారి చేసేవారికి పెసర అనుకూలం. పూత నుంచి కాయ పండే దాకా సుమారు 3 వారాలే పడుతుంది, తన పుప్పొడితోనే తాను ఫలదీకరణ చెందుతుంది, వానాకాలంలో తప్పిపోతే యాసంగిలో మళ్లీ వేసుకోవచ్చు. కంది అలా కాదు. జూన్, జూలైలో విత్తిన మధ్యకాలిక రకాలు దసరా, దీపావళి రోజుల్లో పూతకు వస్తాయి, కాయ పక్వానికి 6 వారాల దాకా పడుతుంది, ఆ ఏడు తప్పితే ఏడాది ఆగాలి. అయితే కందికి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆధ్వర్యంలో దాని జన్యు పటం 2011లోనే వెలువడింది. అందుకు వాడినది ఆశా అనే పేరుతో రైతులకు బాగా తెలిసిన ఐసీపీఎల్ 87119 రకం. అదే రకంలో 30 కణజాలాల జన్యు వ్యక్తీకరణను పట్టికగా చేసిన అట్లాస్ 2017లో వచ్చింది. పెసర జన్యు పటం 2014లో వచ్చింది.

వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన డబ్ల్యూఆర్‌జీ-65 అనే రుద్రేశ్వర కంది, డబ్ల్యూజీజీ-42 అనే యాదాద్రి పెసర వంటి స్థానిక రకాలతో పనిచేయడం మన రైతులకు దగ్గరి ప్రశ్నలు అడగడానికి వీలు కల్పిస్తుంది. ఏ రకం తీసుకున్నా విత్తనం అంగడిలో కొన్నది కాకుండా పరిశోధన స్థానం నుంచి తెచ్చిన మూల విత్తనం లేదా బ్రీడర్ విత్తనం అయి ఉండాలి. కల్తీ విత్తనంతో మొదలుపెట్టిన పని బూడిదలో పోసిన పన్నీరే.

నల్లరేగడి మడి, చెల్క మడి కలిసిన చోట వరుసలు పడకుండా చూసుకోండి. ఒకే పొలంలో ఒక మూల నీరు నిలిచి, మరో మూల బెట్టకు గురైతే, కాయ వయసు వల్ల వచ్చిన తేడా ఏదో తేమ వల్ల వచ్చిన తేడా ఏదో తరువాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

పూతకు దారం కట్టడం

కాయ వయసు లెక్క పువ్వు విచ్చుకున్న రోజు నుంచి మొదలవుతుంది. పెసర పువ్వు తెల్లవారుజామునే విచ్చుకుంటుంది కనుక సూర్యోదయం తరువాత ఎక్కువసేపు ఆగకుండా మడిలో ఉండాలి. పొద్దెక్కితే ఆనాటి పువ్వునూ ముందునాటి వాడిన పువ్వునూ పోల్చుకోవడం కష్టమవుతుంది. విచ్చుకున్న పువ్వు తొడిమకు రంగు ఊలు దారాన్ని వదులుగా ముడివేయాలి. బిగించి కడితే తొడిమలో ఆహార ప్రవాహం తగ్గి కాయ చిక్కిపోతుంది, మరీ వదులైతే గాలివానకు జారిపోతుంది. దారానికీ తొడిమకూ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు ఉంటే సరిపోతుంది. తేదీ రాసిన చీటీ కూడా కట్టదలిస్తే ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిలుతో రాయండి, ఎందుకంటే వానాకాలపు జల్లులకు పెన్ను సిరా ఒక్క రాత్రిలో చెరిగిపోతుంది, పెన్సిలు గీత మాత్రం పంట కోతదాకా నిలుస్తుంది.

కందిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, పువ్వులలో అత్యధిక భాగం పిందె కట్టకుండానే రాలిపోతాయి. కావలసిన కాయల సంఖ్యకు కనీసం పది రెట్లు పువ్వులకు దారాలు కట్టుకుంటే గానీ చివరికి చాలినన్ని కాయలు చేతికి రావు. రెండవది, తేనెటీగల ద్వారా కందిలో పరపరాగ సంపర్కం బాగానే జరుగుతుంది. అప్పుడు తొక్క, పొట్టు తల్లి రకానివే అయినా, బద్దలు మాత్రం పక్క చేనులోని రకంతో కలిసిన సంకరం కావచ్చు. పుప్పొడి తిత్తులు మొగ్గలోనే పగులుతాయి కనుక, పూత విచ్చుకోకముందే కొమ్మకు సన్నని నైలాన్ వల సంచి తొడిగితే ఈగల బెడద తప్పుతుంది, కాయలు కూడా బాగానే పడతాయి. సంచి లోపల వేడి కాస్త పెరుగుతుంది కాబట్టి పిందెలు పడగానే దాన్ని తీసేయాలి.

వేర్వేరు వయసుల కాయలను రెండు విధాలుగా సేకరించవచ్చు. ఒకే రోజున కట్టిన దారాల నుంచి ప్రతి మూడు రోజులకు ఒకసారి కోయడం మొదటిది. ఇది సులువు, అందరూ చేసేది కూడా ఇదే. కానీ ఆరో రోజున ముసురు పట్టి, తొమ్మిదో రోజున ఎండ కాస్తే, ఆ రెండు వయసుల మధ్య కనిపించే తేడాలో వాతావరణం వాటా ఎంతో తెలియదు. రెండవ విధానంలో ప్రతి మూడు రోజులకు ఒక రంగు దారాన్ని కడుతూ పోయి, ఒకే ఉదయాన అన్ని రంగుల కాయలనూ కోస్తారు. దీనిలో వాతావరణం అన్ని నమూనాలకూ ఒకటే అవుతుంది. లోపం లేకపోలేదు: చివర పూచిన పువ్వుల నాటికి మొక్క మీద అప్పటికే కాయల భారం ఉంటుంది, కనుక వాటికి అందే ఆహారం తక్కువ. పూత మధ్య కాలంలో, మొక్క మధ్య భాగపు గెలల మీద మాత్రమే దారాలు కడితే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది. మన వానాకాలపు వాతావరణం తెలిసినవాణ్ని కనుక నా ఓటు రెండవ పద్ధతికే. వీలైతే విత్తడంలో వారం ఎడంతో రెండు మడులు వేసి, ఫలితం రెండింటిలోనూ నిలుస్తుందో లేదో చూడటం ఇంకా మేలు.

పెసరకు 3, 6, 9, 12, 15, 18 రోజుల వయసులు, కందికి 5 రోజుల ఎడంతో 30 రోజుల దాకా, ఆపైన 40వ రోజు తీసుకుంటే ప్రధాన దశలన్నీ పట్టుబడతాయి.

రోజుల లెక్కతో పాటు గింజ తేమ

అదే రకం పెసర ఆగస్టులో 12 రోజులకు చేరుకున్న దశను ఏప్రిల్ ఎండల్లో ఇంకా త్వరగా చేరుకుంటుంది. అందువల్ల రోజుల లెక్క ఒక్కదాన్నే రాసిన ఫలితాన్ని మరొకరు తమ ఫలితంతో పోల్చుకోలేరు. దీనికి చవకైన మందు గింజలోని తేమ శాతం. ప్రతి వయసులోనూ ఆర్‌ఎన్‌ఏకు కోసిన కాయలకు జత కాయలను కొన్ని విడిగా కోసి, గింజలను వెంటనే తూచి, ఓవెన్‌లో బరువు మారకుండా నిలిచేదాకా ఎండబెట్టి, మళ్లీ తూచాలి. బఠానీలో గింజ నిండడం మొదలయ్యేటప్పుడు తేమ సుమారు 85 శాతం, నిండడం ముగిసేసరికి సుమారు 55 శాతం ఉంటుందని స్థిరపడింది. ఇతర పప్పు జాతుల్లోనూ తేమ ఇదే తీరున క్రమంగా తగ్గుతూ వస్తుంది. కాయ పొడవు, గింజ పొడవు, పొట్టు రంగు కూడా అదే పుస్తకంలో రాసి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసుకోవాలి.

సోయాచిక్కుడు వేసే నిర్మల్, ఆదిలాబాద్ వైపు వారికి ఒక మాట. ఆర్-3 (కాయ పడటం), ఆర్-5 (గింజ కట్టడం), ఆర్-6 (గింజ నిండటం) అని పిలిచే దశలు మొక్క మొత్తానికి సంబంధించినవి, ఒక్కొక్క కాయకు సంబంధించినవి కావు. ఆర్-6లో ఉన్న మొక్క మీద కూడా లేత పిందెలు దొరుకుతాయి, కాబట్టి అక్కడా దారం కట్టక తప్పదు.

కోయడం, విడదీయడం, గడ్డకట్టించడం

కాయను తెంపిన క్షణం నుంచి అది గాయపడిన అవయవమే. గాయానికి స్పందించే జన్యువులు నిమిషాల్లో మేల్కొంటాయి. పాలిథిన్ సంచిలో కాయలు నింపుకొని, బండి మీద హనుమకొండ దాకా వచ్చి, సాయంత్రం తీరిగ్గా గింజలు ఒలిస్తే మీరు కొలిచేది కాయ పెరుగుదలను కాదు, దాని వాడుదలను. ద్రవ నైట్రోజన్ చేను గట్టు మీదికే రావాలి. పశువుల ఆసుపత్రిలో కృత్రిమ గర్భధారణకు వాడే వీర్య నాళికలను నిల్వచేసే పాత్రలాంటిదే ఇక్కడా వాడతాం, కనుక ఊరి రైతులు దాన్ని చూసి ఆశ్చర్యపోరు. కాయలకు ఎందుకని మాత్రం అడుగుతారు. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. పాత్ర మూతిని గాలి చొరనీయకుండా బిగించకూడదు, చేతికి చలి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి, వాహనంలో తెచ్చేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఆవిరయ్యే నైట్రోజన్ మూసిన గదిలో ప్రాణవాయువును తోసేసి మనిషిని స్పృహ తప్పించగలదు. దాన్ని బస్సులో తీసుకెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు.

రోజులో ఒకే సమయంలో, ఉదయం 9 నుంచి 10 లోపల, కోత ముగించాలి. చాలా జన్యువులకు పగలు, రాత్రి లయ ఉంది. మధ్యాహ్నపు ఎండకు ఉష్ణ ఘాత ప్రోటీన్ల జన్యువులు కూడా లేస్తాయి. మారుకా పురుగు గూడు కట్టిన కాయలను, శనగ పచ్చపురుగు తొలిచిన కాయలను, పల్లాకు తెగులు సోకిన మొక్కలను పక్కన పెట్టండి. పురుగుమందు కొట్టిన తేదీలను రాసి పెట్టుకొని, కోతకు ముందు కొన్ని రోజులు కొట్టకుండా చూడండి.

ఇద్దరు కలిసి పనిచేయాలి: ఒకరు తెంపి అందిస్తే మరొకరు విడదీయాలి. పొడి మంచు మీదో ఐసు మీదో ఉంచిన లోహపు పలకపై కాయను పడుకోబెట్టి, గింజలు అతికి ఉండే అంచు వెంబడి సన్నని బ్లేడుతో చీరితే, కాయ తొక్క రెండు చెక్కలుగా విప్పుకుంటుంది. గింజలు ఒకటి ఈ చెక్కకు, తరువాతిది ఆ చెక్కకు అన్నట్టు మార్చి మార్చి చిన్న కాడతో అతికి కనిపిస్తాయి. తొడిమ వైపు చివరనా ముక్కు వైపు చివరనా ఉన్న గింజలు వెనకబడి ఉండవచ్చు, కొన్ని తాలుగా కూడా ఉంటాయి. పెసరలో నడిమి ఐదారు గింజలను, కందిలో మధ్య రెండింటిని మాత్రమే తీసుకోండి. 9 రోజుల లోపు గింజ నుంచి పిండాన్ని విడదీయబోతే సూది తగలగానే నీరు చిమ్మి అంతా కలిసిపోతుంది; ఆ వయసుల్లో గింజ మొత్తాన్నీ ఒక నమూనాగా తీసుకొని, అలా తీసుకున్నట్టు స్పష్టంగా రాయడమే నిజాయితీ. ఆపైన పొట్టును చిమటాతో జారదీస్తే బద్దలు చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. ఒక కాయకు రెండు నిమిషాలు మించకూడదు. చేయి తిరిగేదాకా పనికిరాని కాయల మీద సాధన చేయాలి.

విడదీసిన భాగాలను అల్యూమినియం రేకు పొట్లాల్లో చుట్టి నైట్రోజన్‌లో వేయడం ట్యూబుల కంటే సురక్షితం, ఎందుకంటే బిగించిన ట్యూబులోకి ద్రవం చొరబడితే బయటికి తీసినప్పుడు పేలే ప్రమాదం ఉంది. నైట్రోజన్ దొరకనప్పుడు ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణంలో ముంచడం రెండో దారి. అయితే అది అర సెంటీమీటరు కంటే మందమైన ముక్కలోకి సరిగా ఇంకదు, మైనపు పూత ఉన్న కాయలోకి అసలే ఇంకదు. ముక్కలు చేసి ముంచితేనే ఫలం. ప్రయోగశాలకు చేరాక అన్నీ మైనస్ 80 డిగ్రీల ఫ్రిజ్‌లోకి పోవాలి.

ప్రతి వయసుకూ కనీసం 3 జీవ నమూనాలు ఉండాలి. ఒక జీవ నమూనా అంటే వేరే మొక్కల నుంచి, వీలైతే వేరే మడి నుంచి తీసుకున్న కాయల సముదాయం. ఒకే పొట్లంలోని పొడిని మూడు భాగాలు చేస్తే అవి మూడు నమూనాలు కావు.

ఆర్‌ఎన్‌ఏ తీయడం

గడ్డకట్టిన భాగాలను కరగనివ్వకుండా పొడిగా నూరాలి. తొక్కకూ లేత గింజకూ ట్రైజాల్ (ఫినాల్ కలిసిన తయారు ద్రావణం) పద్ధతి సరిపోతుంది. 50 నుంచి 100 మిల్లీగ్రాముల పొడికి 1 మిల్లీలీటరు. నిండుతున్న గింజకు వచ్చేసరికి అదే పద్ధతి మొరాయిస్తుంది. పిండిపదార్థం, ప్రోటీన్ ఎక్కువగా ఉండటం వల్ల ద్రావణం జిగురుగా మారి, చివర తెల్లని జెల్లీ లాంటి ముద్ద మిగులుతుంది, అది నీటిలో కరగదు. అలాంటి గింజలకు సీటాబ్ (ఒక రకం డిటర్జెంట్), లిథియం క్లోరైడ్ పద్ధతి మేలు. 2 శాతం సీటాబ్, ఫినాళ్లను పట్టుకునే పీవీపీ 2 శాతం, 2 మోలార్ ఉప్పు ఉన్న బఫర్‌ను 65 డిగ్రీలకు వేడిచేసి, వాడే ముందు 2 శాతం బీటా-మెర్కాప్టోఇథనాల్ కలిపి, ఆ వేడి బఫర్‌లోకి గడ్డకట్టిన పొడిని కరగనివ్వకుండా నేరుగా వేయాలి. క్లోరోఫాంతో రెండుసార్లు కడిగి, లిథియం క్లోరైడ్ చివరి గాఢత 2 మోలార్ అయ్యేలా కలిపి, 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచితే ఆర్‌ఎన్‌ఏ అడుగున చేరుతుంది, పిండిపదార్థంలో ఎక్కువ భాగం పైనే ఉండిపోతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఈ పద్ధతిలో సరిగా దిగవు, కనుక మైక్రో ఆర్‌ఎన్‌ఏ చూడదలచినవారికి ఇది పనికిరాదు. ఘాటైన రసాయనాలతో కూడిన ఈ పనంతా పొగ గూటిలోనే (ఫ్యూమ్ హుడ్) చేయాలి.

తొక్కకు ఒక పద్ధతి, గింజకు ఒక పద్ధతి వాడి ఆ రెంటినీ పోల్చకూడదన్నది నా అభిప్రాయం. కష్టమైనా అన్నింటికీ సీటాబ్ పద్ధతినే వాడితే తరువాత ప్రశ్నలు రావు.

శుద్ధి చూసుకునేటప్పుడు 260, 280 నానోమీటర్ల తరంగాల వద్ద కాంతి శోషణ నిష్పత్తి 2 దగ్గర ఉండటం ఒక్కటే చాలదు. గింజల్లో అసలు రోగం బయటపడేది 260, 230 నిష్పత్తిలో, అది 1.8 కంటే బాగా కిందికి ఉంటే పిండిపదార్థమో ఫినాలో లవణమో మిగిలినట్టు. జెల్ మీద రెండు రైబోజోమ్ గీతలు నిక్కచ్చిగా కనిపించాలి. ఆ తరువాత, మిగిలిన డీఎన్‌ఏను తుంచేసే డీఎన్‌ఏజ్ అనే ఎంజైముతో చికిత్స తప్పనిసరి.

సీడీఎన్‌ఏ, ప్రైమర్లు

అన్ని నమూనాల నుంచీ ఒకే పరిమాణంలో, సాధారణంగా 1 మైక్రోగ్రాము, ఆర్‌ఎన్‌ఏ తీసుకొని ఒకే రోజున సీడీఎన్‌ఏగా, అంటే ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలుగా, మార్చండి. ఈ మార్పు చేసే ఎంజైము రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని నమూనా ఒకటి ప్రతిసారీ పక్కన ఉండాలి. అందులో సంకేతం వస్తే డీఎన్‌ఏ మిగిలినట్టే.

ప్రైమర్ల (కొలవాల్సిన ముక్క రెండు చివరలనూ గుర్తించే చిన్న డీఎన్‌ఏ తునకల) విషయంలో నిల్వ ప్రోటీన్ జన్యువులు ముఖ్యంగా మోసగిస్తాయి. అవి ఒకదానినొకటి పోలిన కుటుంబాలుగా ఉంటాయి కనుక మధ్య భాగం నుంచి ప్రైమర్ తీసుకుంటే నాలుగైదు జన్యువులు కలిసి పలుకుతాయి. జన్యువు తోక వైపున, ప్రోటీన్‌గా మారని భాగంలో తేడాలు ఎక్కువ. అక్కడి నుంచి 80 నుంచి 200 క్షార జతల పొడవైన ముక్క వచ్చేలా తీసుకోవాలి. ప్రతి ప్రైమర్ జతకూ సీడీఎన్‌ఏను పదేసి రెట్లు పలుచన చేస్తూ, పలుచన స్థాయి (లాగ్)కూ సంకేతం పలికిన చక్రానికీ ఐదు మెట్ల రేఖ గీయాలి. దాని వాలు మైనస్ 3.32 అయితే సామర్థ్యం 100 శాతం (ముక్కలు ప్రతి చక్రంలో సరిగ్గా రెట్టింపవుతున్నట్టు), మైనస్ 3.58కీ మైనస్ 3.10కీ మధ్య ఉంటే 90 నుంచి 110 శాతం, అది వాడదగినది. కరుగుదల రేఖలో (మెల్ట్ కర్వ్) ఒకే శిఖరం రావాలి, అంటే ఒకే రకం ముక్క తయారైనట్టు.

విడదీయడం శుభ్రంగా జరిగిందో లేదో తేల్చడానికి కూడా ఇక్కడ ఒక ఉపాయం ఉంది. తొక్క నమూనాలన్నింటిలోనూ విసిలిన్ జన్యువును కొలవండి. అది తొక్కలో బలంగా పలికితే గింజ ముక్కలు కలిశాయని అర్థం. ఆ నమూనాను పక్కన పెట్టడమే దారి.

ప్రామాణిక జన్యువు అనే చిక్కుముడి

మనం చూసే జన్యువు నకళ్లు ఎన్నో, వయసులన్నింటిలోనూ మారని మరో జన్యువుతో, అంటే ప్రామాణిక జన్యువుతో, పోల్చి చెబుతాం. అందుకే ఆ రెండో జన్యువు నిజంగా మారకుండా ఉండాలి. ఆకుల మీద చేసిన పనిలో ఈఎఫ్1-ఆల్ఫా, యాక్టిన్, జీఏపీడీహెచ్, హెచ్‌ఎస్‌పీ-90, యుబిక్విటిన్ వర్గపు యూబీసీ వంటివి పనికొచ్చాయని చదివి, వాటిలో ఒకదాన్ని ఎంచుకొని కాయలకు వాడేస్తుంటారు. పెరుగుతున్న గింజ విషయంలో ఇది ప్రమాదకరం. కారణాన్ని లెక్కతో చూద్దాం.

లేత గింజలో నిల్వ ప్రోటీన్ల దూత ఆర్‌ఎన్‌ఏ దాదాపు లేదనుకోండి. నిండే దశకు వచ్చేసరికి మొత్తం దూత ఆర్‌ఎన్‌ఏలో సగం వాటిదే అయిందనుకోండి. మనం రెండు దశల నుంచీ సమాన బరువున్న ఆర్‌ఎన్‌ఏనే తీసుకుంటాం. అప్పుడు మిగతా వేల జన్యువులు తమ పని ఏమీ తగ్గించకపోయినా, సంచిలో వాటి వాటా సగానికి పడిపోతుంది. ఒక సగం అంటే క్యూ-పీసీఆర్‌లో ఒక చక్రం తేడా. యాక్టిన్ ఒక చక్రం ఆలస్యంగా పలికితే విద్యార్థి అది అస్థిరమని తీసేస్తాడు. మరొకరు అన్ని జన్యువులూ నిండే దశలో తగ్గాయని రాస్తారు. దీనికి తోడు బద్దల్లోని కణాలు విభజన ఆపేసిన తరువాత కూడా కేంద్రకంలోని డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటూ పోతాయి కనుక, కణానికి ఇంత అని చెప్పడం ఇంకా కష్టం. కాబట్టి నిండే దశలో ఒక జన్యువు తగ్గింది అన్న వాక్యానికి మొత్తం దూత ఆర్‌ఎన్‌ఏలో దాని వాటా తగ్గింది అన్నంత వరకే అర్థం ఉంటుంది. ప్రామాణిక జన్యువుతో పోల్చినప్పుడు ఈ పలుచదనం రెండింటికీ సమానంగా వర్తిస్తుంది కనుక చాలావరకు కొట్టుకుపోతుంది. ఇతర జన్యువులతో కలిసి ఒకే తీరున కదిలే ప్రామాణిక జన్యువును ఎంచుకోవడంలో ఉన్న లాభం అదే.

ఆచరణలో ఎనిమిది నుంచి పది అభ్యర్థి జన్యువులను మీ సొంత నమూనాలన్నింటిలోనూ కొలిచి, 2002లో వచ్చిన జీనార్మ్, 2004లో వచ్చిన నార్మ్‌ఫైండర్ వంటి సాఫ్ట్‌వేర్ సాధనాలతో వాటి నిలకడను బట్టి వరుస కట్టించండి. తొక్కకు నిలకడగా ఉన్న జత బద్దలకు నిలకడగా ఉండకపోవచ్చు, అందువల్ల కణజాలాలవారీగా విడివిడిగానూ, అన్నింటినీ కలిపీ రెండు విధాలా చూడాలి. చివరికి రెండు లేదా మూడు జన్యువుల గుణ మధ్యమాన్ని ప్రమాణంగా వాడాలి. ఒక్క జన్యువుతో సరిపెట్టడం ఇప్పుడు పత్రికల సమీక్షకులెవరూ ఒప్పుకోరు. క్యూ-పీసీఆర్ ఫలితాలను ఎలా నివేదించాలో చెప్పే 2009 నాటి మీక్ మార్గదర్శకాలు కూడా దీన్నే అడుగుతాయి.

లెక్క కట్టడం

ఒక ఊహా ఉదాహరణ. 6వ రోజు గింజలో విసిలిన్ 29వ చక్రంలో, ప్రమాణం 20వ చక్రంలో పలికాయి; తేడా 9. 15వ రోజు బద్దల్లో విసిలిన్ 17లో, ప్రమాణం 21లో పలికాయి. తేడా మైనస్ 4. రెండు తేడాల మధ్య అంతరం 13. రెండు ప్రైమర్ల సామర్థ్యమూ 100 శాతానికి దగ్గరగా ఉంటే 2ను 13 సార్లు గుణించగా వచ్చే 8,192 రెట్లు పెరిగినట్టు. ఇంత పెద్ద అంతరంలో సామర్థ్యం కొద్దిగా తగ్గినా జవాబు ఘోరంగా మారిపోతుంది: 2కు బదులు 1.9 పెడితే అదే 13 చక్రాలకు సుమారు 4,200 రెట్లే వస్తుంది. అందుకే నిల్వ ప్రోటీన్ల విషయంలో సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకునే ఫాఫుల్ సూత్రాన్నే వాడాలి.

గణాంక పరీక్షలను రెట్ల మీద చేయకుండా చక్రాల తేడాల మీద చేయండి, రెట్లలో విలువలు ఒక పక్కకు సాగిపోయి ఉంటాయి. ఒక జన్యువుకు సంబంధించిన నమూనాలన్నీ ఒకే ప్లేటులో పట్టేలా అమర్చుకోండి. పట్టకపోతే ప్రతి ప్లేటులోనూ ఒకే నమూనాను పెట్టి దాని ఆధారంగా సరిచూసుకోవాలి.

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయించేవారికి

నిధులుండి అన్ని జన్యువులనూ ఒకేసారి చూడదలచినవారు బయటి సంస్థలకు నమూనాలు పంపుతారు. పైన చెప్పిన పలుచదనం ఇక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది: నిండే దశ గింజల నమూనాలో చదివిన ముక్కల్లో పెద్ద భాగాన్ని కొద్దిపాటి నిల్వ ప్రోటీన్ జన్యువులే మింగేస్తాయి, తక్కువగా పలికే నియంత్రక జన్యువులకు మిగిలేది కొంచెం. ఆ వయసుల నమూనాలకు మిగతావాటి కంటే ఎక్కువ ముక్కలు చదివించమని ముందే అడగాలి. వయసుల మధ్య పోలికకు టీపీఎం విలువలను (పది లక్షల నకళ్లలో ఒక జన్యువుకు ఎన్ని వస్తాయన్న లెక్క) నేరుగా వాడవద్దు. అవి వాటాలు మాత్రమే. ఇలాంటి వాటా మార్పును సర్దుబాటు చేసేందుకే టీఎంఎం పద్ధతిని 2010లో ప్రతిపాదించారు, డీసెక్-2 అనే సాఫ్ట్‌వేర్ కూడా ఆ పనే తనదైన రీతిలో చేస్తుంది. అయితే సగానికి మించిన జన్యువులు నిజంగానే మారిపోయిన చోట, ఉదాహరణకు 3వ రోజు పిందెనూ 18వ రోజు గింజనూ పోల్చేటప్పుడు, ఆ సర్దుబాటు ఆధారపడే ఊహే నిలవదు. పక్కపక్క వయసులను జతగా పోల్చుకుంటూ పోవడం అప్పుడు మెరుగైన మార్గం. సీక్వెన్సింగ్‌లో తేలిన జన్యువుల్లో ఓ పదింటిని, మరుసటి కాలంలో వేసిన పంట నుంచి కొత్తగా తీసిన నమూనాలలో క్యూ-పీసీఆర్‌తో సరిచూడండి. పాత ఆర్‌ఎన్‌ఏ మిగులునే మళ్లీ కొలిస్తే సరిచూసినది యంత్రాన్నే అవుతుంది, కాయను కాదు.